తాబేలు తినడం లేదా? ముందు థర్మామీటర్ చూడండి

పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న తాబేలు, వాళ్లు స్కూలుకి వెళ్లగానే అమ్మ బాధ్యత అయిపోతుంది. అది తిండి మానేసిందంటే మనకి మొదట తట్టేది తిండి మార్చడమే. పెల్లెట్లు వద్దంటే ఎండు రొయ్యలు, అవీ వద్దంటే ఇంకోటి. కానీ మా ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి చలి ఊళ్లలో ముందు చూడాల్సింది తిండి కాదు, వేడి.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది కళ్ల వెనక ఎర్ర చార ఉన్న రెడ్ ఇయర్డ్ స్లైడర్. మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి పోతుంది. చెరువులో ఉండే తాబేలు చలికాలమంతా తినకుండా అడుగున గడిపేస్తుంది. ఇంట్లో థర్మోస్టాట్ 68 డిగ్రీల మీద ఉంటే, హీటర్ లేని ట్యాంకులో నీళ్లూ అంతే. శీతనిద్రకు ఆ చలి చాలదు, అరుగుదలకు ఆ వేడీ చాలదు.

ఇంట్లో చూసుకోవాల్సినవి

- నీళ్లు 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. చేత్తో కాదు, థర్మామీటర్‌తో చూడండి.
- నీళ్లలోంచి పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకునే చోట 85 నుంచి 95 డిగ్రీలు ఉండాలి.
- యూవీబీ బల్బు వెలుగుతున్నా, కొన్ని నెలలకు అందులో యూవీబీ తగ్గిపోతుంది. తయారీదారు చెప్పిన గడువుకి మార్చేయండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి బదులు కాదు, గాజు యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. అది అందకపోతే విటమిన్ డి తయారవదు, డిప్ప మెత్తబడుతుంది.
- తిండి నీళ్లలోనే వేయండి. శ్రీకూర్మంలో చూసిన నక్షత్ర తాబేళ్లు నేల మీద ఆకులు తింటాయి. స్లైడర్ నీళ్లలో ఉంటేనే మింగగలదు.
- పెద్దయ్యేకొద్దీ మాంసాహారం తగ్గించి ఆకులు ఎక్కువ తింటుంది. రొమెయిన్ లెట్యూస్, డాండెలియన్ ఆకులు మంచివి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంని ఒంటికి పట్టనివ్వవు.
- ఇల్లు మారినా, ట్యాంకు మారినా కొన్నాళ్లు బెదిరి తినకపోవచ్చు. ఊరికే చేత్తో పట్టుకోకుండా వదిలేయండి.

ఆగకూడని సందర్భాలు

కళ్లు వాచి మూసుకుపోతే విటమిన్ ఎ లోపం కావచ్చు. కళ్లు కనపడని తాబేలు తిండిని వెతుక్కోలేదు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒక పక్కకి ఒరిగి ఈదడం ఊపిరితిత్తుల జబ్బుకి గుర్తులు. ఆడ తాబేలు తినకుండా, కాళ్లతో తవ్వుతూ కుదురు లేకుండా తిరుగుతుంటే కడుపులో గుడ్లు ఉండొచ్చు. మగది తోడు లేకపోయినా గుడ్లు వస్తాయి.

వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెట్‌కి ఫోన్ చేయండి. ఏ గుర్తూ లేకపోయినా, వేడి సరిచేశాక కూడా వారం దాటి తినకపోతే తీసుకెళ్లండి. పిల్ల తాబేలైతే అంతవరకూ ఆగొద్దు. చాలామంది వెట్‌లు కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తారు కాబట్టి, సరీసృపాలు చూస్తారా అని ముందే అడగండి. వారానికోసారి బరువు తూచి రాసిపెట్టుకుంటే డాక్టరుకి పని సులువవుతుంది. ఆ త్రాసు మాత్రం వంటింటిది కాకూడదు.

ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. అందుకే అమెరికాలో 1975లో 4 అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మకుండా నిషేధించారు. ట్యాంకు నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలున్నా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా మరింత జాగ్రత్త.

కుక్కయితే మూలుగుతుంది, పిల్లయితే కాళ్లకు చుట్టుకుంటుంది. తాబేలు అలా ఏదీ చేయదు. తిండి మానేయడమే అది మనకు చెప్పగలిగే మాట.