తుపాకీకి మచ్చల రంగు వేయాలా, వద్దా?



ఈసారి వార్షికోత్సవానికి తెలంగాణ సాయుధ పోరాటం మీద నాటకం వేస్తున్నామని, సాయానికి రమ్మని తమ్ముళ్లు కబురు పెట్టారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంక్షేమ హాస్టళ్లలో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న మేము ముగ్గురం వచ్చాం. మా మూడిళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. వచ్చేసరికి వడ్రంగి చేసిచ్చిన కర్ర తుపాకీ సిద్ధంగా ఉంది. మిలిటరీలో చేరాలని రోజూ చీకటితోనే లేచి పరుగెత్తే పదో తరగతి తమ్ముడొకడు తన కాస్మొటిక్ చార్జీల డబ్బుతో మూడు రంగు డబ్బాలు కొనుక్కొచ్చాడు. "మిలిటరీ వాళ్లలాగ మచ్చలు వేద్దామన్నా" అన్నాడు. సగం మంది వేద్దామన్నారు, సగం మంది వద్దన్నారు. తగవు మా ముందుకు వచ్చింది. మాకూ తెలియదు కనుక చదివి, అడిగి తెలుసుకున్నాం. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మచ్చల రంగు ఏం చేస్తుంది?

మన కన్ను వస్తువును ముందుగా దాని అంచును బట్టి గుర్తుపడుతుంది. చెట్టూ పుట్టా మధ్య తిన్నని గీత అరుదు. తుపాకీ గొట్టం నల్లగా, నిటారుగా ఉంటుంది కనుక తొందరగా కంటపడుతుంది. మచ్చలు ఆ గీతను ముక్కలు చేస్తాయి. కంజు పిట్ట రెక్కల మీద, చిరుత ఒంటి మీద ఉన్న మచ్చలు చేసే పని ఇదే. రంగుకు మెరుపు ఉండకూడదు. మెరిస్తే మచ్చలున్నా లాభం లేదు. ఇంకో సంగతి, కదలికను ఏ రంగూ దాచలేదు.

సైన్యాలు దీన్ని నేర్చుకున్నది నష్టపోయాకే. 1914లో ఫ్రెంచి సైనికులు ఎర్ర ప్యాంట్లతో యుద్ధానికి వెళ్లారు. 1915లో అదే సైన్యం చిత్రకారులను పిలిచి, ఫిరంగులను దాచే రంగుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకుంది. అంతకుముందే, 1840లలో, పెషావర్ ప్రాంతంలో బ్రిటిష్ వారి దళం ఒకటి మట్టిరంగు బట్టలు తొడిగింది. పారశీకంలో ఖాక్ అంటే మట్టి, ధూళి. మనం రోజూ అనే ఖాకీ అక్కడిదే.

ఎక్కడి రంగు అక్కడికే

మచ్చల రంగు అన్నిచోట్లా పనిచేయదు. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వరి పచ్చగా ఉన్నప్పుడు ఆకుపచ్చ మచ్చలు కలిసిపోతాయి. కోతలయ్యాక అదే పొలంలో, ఎండిన కొయ్యకాళ్ల మధ్య, అవే మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సూర్యాపేట వైపు ఎర్రనేలకు అది అసలు నప్పదు. అందుకే కొందరు సైనికులు శాశ్వతమైన రంగుకు బదులు గోనె పీలికలో, గుడ్డ పట్టీలో చుట్టి, చోటు మారితే విప్పేస్తారు.

అసలు తుపాకీ అయితే

నిజమైన తుపాకీకి రంగు వేయడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఆ తుపాకీ ఎవరిది? సైనికుడి రైఫిల్, ఎన్‌సీసీ క్యాడెట్ చేతికిచ్చే రైఫిల్ ప్రభుత్వానివి. మన ఇష్టానికి రంగు పూయరాదు.

రెండవది, ఎవరి కంట పడకూడదని? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేటకు తావు లేదు. ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకున్నవాడు పొదలో దాక్కోడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ గురిపెట్టింది కాగితం మీది చుక్కకు. ఆ చుక్క నుండి దాక్కునే పని ఎవరికీ లేదు.

మూడవది, రంగు వల్ల చెడేది ఏమిటి? గొట్టం లోపల, ట్రిగ్గర్ సందుల్లో, గురి చూసే అద్దం మీద రంగు పడితే తుపాకీ పాడవుతుంది. మామూలు రంగు శుభ్రం చేసే ద్రావకాలకే లేచిపోతుంది. నిలిచే పూత కావాలంటే భాగాలు విప్పి, జిడ్డు తీసి, పూసి, వేడిలో గట్టిపరచాలి. అది నేర్చిన పనివాడే చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, తుపాకీ మీది నంబరు. దాన్ని చెరిపినా, మార్చినా 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం.

మరి మన నాటకంలో?

మన కథ 1946 నుండి 1951 వరకు నడిచింది. మొదట జనం చేతుల్లో వడిసెలలు, కర్రలు, రోకళ్లు, కారం పొడి. తర్వాత భర్మారు తుపాకులు, శత్రువు దగ్గర గుంజుకున్న రైఫిళ్లు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం విజయవాడ బాటన వచ్చి కోదాడ చేరింది. మరునాడు సూర్యాపేట చేతికొచ్చింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చివేసింది. ఆనాటి సైనికుడి .303 రైఫిల్‌కు కర్ర మడమ ఉండేది, దానికి అవిసె నూనె పట్టించేవారు. అక్కడా మచ్చలు లేవు.

దళాల వాళ్లు మరి ఎలా దాక్కున్నారు? మల్లు స్వరాజ్యం గారు రాజక్క అనే పేరుతో తిరిగారు. మాలో ఒకరి తాత అప్పుడు బర్రెలు కాసే పిల్లవాడు. "మమ్మల్నెవరడిగినా చూడలేదనే చెప్పేటోళ్లం బిడ్డా" అంటాడు. వాళ్లను దాచింది రంగు కాదు, ఊళ్లు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. యూనివర్సిటీలో చేరిన కొత్తలో మేమూ ఒక రంగు పూసుకున్నాం. ఎక్కడ చదివావని అడిగితే ఊరి పేరు చెప్పి, హాస్టల్ పేరు మింగేవాళ్లం. మన హాస్టల్ తమ్ముడొకడు అక్కడ ఎదురుపడితే పలకరించకుండా తప్పుకున్న రోజు కూడా ఉంది. ఎవరి నుండి దాక్కుంటున్నామని అడుక్కుంటే జవాబు లేదు. ఆ తమ్ముడికి ఈ పుస్తకం ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాం.

చివరికి తుపాకీకి నూనె మాత్రమే పట్టించాం. దాన్ని పక్క హాస్టల్ ప్రదర్శనకు బస్సులో తీసుకుపోవాలి, కర్రదని చూడగానే తెలియడమే క్షేమం. రంగు డబ్బాలు వృథా పోలేదు. ఆ తమ్ముడే వాటితో వెనక తెర మీద గుట్టలు, పొలాలు వేశాడు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు గారు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరులైన పోరులో తుపాకీ పేలలేదని అతనికి గుర్తుచేశాం. "నాకు తెలుసన్నా" అని, మరునాడు ఎప్పటిలాగే పరుగుకు పోయాడు.

తమ్ముళ్లారా, నాటకం బాగా ఆడండి. రేపు మీరు ఎక్కడికి పోయినా హాస్టల్ పేరు గట్టిగా చెప్పండి.

సెలవు.