పట్నం చేరిన భాస్వరం పల్లెకు తిరిగి రావడం లేదు
ఏటా లక్షల బస్తాల ఎరువు మురుగుపాలు

(మన విలేఖరి)

నల్లగొండ: నాట్ల కాలం వచ్చిందంటే రైతు మొదట వెతుక్కునేది డీఏపీ బస్తా. పాస్ పుస్తకం పట్టుకుని సొసైటీ గోదాము ముందు వరుసలో నిలబడటం జిల్లా రైతుకు కొత్త కాదు. అంత కష్టపడి తెచ్చి చల్లిన ఎరువు చివరకు ఎక్కడికి పోతున్నదో ఆలోచించేవారు మాత్రం తక్కువ. అందులో కొంత మన వడ్లతోపాటే లారీ ఎక్కి హైదరాబాదు చేరుతున్నది. అక్కడి మురుగు కాలువల్లో పడి, మూసీ వెంట మళ్ళీ మన జిల్లాకే వస్తున్నది. అయితే అది వచ్చే తీరు రైతుకు మేలు చేసేదిగా లేదు.

బస్తాలో ఉన్నదేమిటి?

యాభై కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం సుమారు పది కిలోలు. పైరు వేరు పట్టాలన్నా, గింజ గట్టిపడాలన్నా ఇది ఉండి తీరాలి. యూరియాలోని నత్రజనిని గాలిలోంచి తీయవచ్చు. భాస్వరం అలా దొరకదు. ఫాస్ఫేటు రాయిని తవ్వి తీయవలసిందే. ఆ రాయి మన దేశంలో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్ర వంటి కొద్ది చోట్లనే ఉన్నది. మన అవసరంలో చాలా భాగం మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి. అక్కడ ధర పెరిగితే ఆ భారం ఇక్కడ పడుతుంది. 2021లో డీఏపీ అసలు ధర బస్తాకు 2,400 రూపాయలకు చేరింది. రైతుకు 1,200 రూపాయలకే అందించేందుకు కేంద్రం ఆ ఏడాది మే నెలలో బస్తాపై సబ్సిడీని 500 నుంచి 1,200 రూపాయలకు పెంచవలసి వచ్చింది.

వెనుకటి పద్ధతి

వెనుక ఊళ్ళో పండిన దానిలో ఎక్కువ భాగం ఊళ్ళోనే తినేవారు. పేడ, పొయ్యి బూడిద, ఇంటి చెత్త పెంటకుప్పకు చేరేవి. ఎండాకాలంలో ఆ ఎరువును బండ్లతో పొలానికి తోలేవారు. గొర్రెల మంద పెట్టించేవారు. చెరువు ఎండితే ఒండ్రు తెచ్చుకునేవారు. భూమి నుంచి తీసినది చాలావరకు భూమికే పోయేది.

1951 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి 17 మంది పట్టణాల్లో ఉండగా, 2011 నాటికి 31 మంది అయ్యారు. టన్ను వడ్లతో రెండు మూడు కిలోల భాస్వరం పొలం దాటిపోతుంది. బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు అన్నీ పట్నం దారి పట్టినవే. తిరిగి వచ్చే దారి లేదు.

నగరంలో జరుగుతున్నది

పెద్దవాళ్ళు తిన్న భాస్వరం దాదాపు అంతా మలమూత్రాల్లో బయటకు పోతుంది. మనిషికి ఏడాదికి సుమారు నాలుగైదు వందల గ్రాములు. ఇరవై, పాతిక మంది కలిస్తే ఒక డీఏపీ బస్తాకు సమానం. 2011 లెక్కల్లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ పరిధిలో 67 లక్షల మంది ఉన్నారు. ఆ జనాభాతో చూసినా ఏటా రెండున్నర లక్షల బస్తాల పైమాటే.

నగరంలో అంబర్‌పేట వంటి చోట్ల మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. అయితే మురుగును తగ్గించడం వేరు, భాస్వరాన్ని తీయడం వేరు. ప్రత్యేక ఏర్పాటు లేకపోతే కొంత బురదలో దిగి, మిగిలినది నీటితోనే పోతుంది. చెరువులో చేరితే నాచును, గుర్రపుడెక్కను పెంచుతుంది. నాచు కుళ్ళినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. హుస్సేన్‌సాగర్ నీరు పచ్చబడి కంపు కొట్టడానికి ఇదీ ఒక కారణం.

మూసీ కింద కత్వల నీటితో వరి, పశుగ్రాసం పండిస్తున్న రైతులకు ఆ నీటిలో ఎరువు ఉన్నదని తెలుసు. కాని దానితోపాటు పరిశ్రమల వ్యర్థాలు, ఉప్పు, రోగక్రిములు కూడా వస్తున్నాయి. మురుగునీటిలో దిగి సేద్యం చేసేవారి కడుపులో నులిపురుగులు ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఎరువు ఊరికే వస్తున్నదన్న మాట నిజమే. దాని ఖరీదు రైతు ఒంటితో చెల్లిస్తున్నాడు.

చేయవలసినది

జర్మనీ 2017లో నిబంధనలు చేసి, పెద్ద శుద్ధి కేంద్రాల బురదలోని భాస్వరాన్ని 2029 నుంచి తిరిగి తీయాలని నిర్ణయించింది. మన కేంద్ర ప్రభుత్వం 2016లో నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అయితే గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు కలిసిన కంపోస్టును ఏ రైతూ పొలంలో వేసుకోడు. చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలి. పరిశ్రమల నీటిని ఇళ్ళ మురుగులో కలవనీయకూడదు. శుద్ధి కేంద్రాలు కట్టేటప్పుడే భాస్వరం తీసే ఏర్పాటు ఉండాలి.

రైతు సోదరులు భూసార పరీక్ష చేయించుకుని అవసరమైన మేరకే డీఏపీ వేస్తే ఖర్చు తగ్గుతుంది. మిగతా బాధ్యత నగరానిది. మూసీ శుద్ధి గురించి మాట్లాడే అధికారులు నీటి రంగు, వాసనలతోపాటు ఈ బస్తాల లెక్క కూడా చూడాలి.