అడ్డుతెర తొలిగాక ‘వద్దు’ అంది!

మొహం చూడకుండానే మనసిచ్చింది. ఉంగరం తొడిగించుకుంది. పెళ్లిపందిరి దాకా వచ్చింది. అందరి ముందూ ‘కాదు’ అంది. ఆ ఒక్క మాటే దీప్తి వెంపటి జీవితాన్ని మలుపు తిప్పింది.

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవయసు అవ్వలను కదిలించి చూడండి. ‘‘తెర తీసేదాకా మీ తాత మొగం నేను సూడలేదు నాయనా’’ అంటారు నవ్వుతూ. పెళ్లిపీటల మీద అడ్డుతెర. అటు వరుడు, ఇటు వధువు. జీలకర్రా బెల్లం పెట్టాక తెర తొలుగుతుంది. అప్పుడు కనిపించిన మొహంతోనే జీవితాంతం. నచ్చాడా అని అడిగినవాళ్లు లేరు.

కాలం మారింది. ఇప్పుడు అబ్బాయి కువైట్‌లో ఉంటే అమ్మాయి రాయచోటిలో ఉంటుంది. పెళ్లిచూపులు ఫోను తెర మీదే! ముందు ఫొటో, తర్వాత మాట, చివరికి మనిషి. ఈ వరసను తలకిందులు చేసి, మన పాత అడ్డుతెరనే గోడగా మార్చి అమెరికావాళ్లు ఓ టీవీ షో తయారుచేశారు. దాని పేరు ‘లవ్ ఈజ్ బ్లైండ్’. అంటే ప్రేమ గుడ్డిది అని!

గోడకు అటూ ఇటూ...

నెట్‌ఫ్లిక్స్‌లో ఈ షో 2020 ఫిబ్రవరిలో మొదలైంది. పెళ్లి కావాల్సిన అబ్బాయిలూ అమ్మాయిలూ వస్తారు. ‘పాడ్స్’ అనే చిన్న గదుల్లో విడివిడిగా కూర్చుంటారు. మధ్యలో గోడ. మాట వినిపిస్తుంది, మనిషి కనిపించడు. దాదాపు పది రోజులు ఇలా మాట్లాడుకుని, నచ్చితే పెళ్లికి ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఒకరినొకరు చూసుకోవడం. తర్వాత విహారయాత్ర, ఒకే ఇంట్లో కొన్నాళ్ల కాపురం, రెండువైపులా పెద్దల పరిచయం. చివర్లో పెళ్లి. ఉత్తుత్తి పెళ్లి కాదు, చట్టబద్ధమైనదే.

2022 ఫిబ్రవరిలో వచ్చిన రెండో సీజన్ షికాగోవాళ్లది. అందులో ఓ అమ్మాయి పేరు వినగానే మనవాళ్ల చెవులు నిక్కబొడుచుకున్నాయి. దీప్తి వెంపటి! ఆ ఇంటిపేరు వింటే మనకు కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గుర్తుకొస్తారు మరి. ఈ దీప్తి డేటా అనలిస్ట్. అప్పటికి వయసు 31.

చిన్నప్పుడు తాను లావుగా ఉండేదాన్నని దీప్తి దాచుకోకుండా చెప్పింది. ఒళ్లు తగ్గించుకున్నా, ఆనాటి నొప్పి మనసులో మిగిలే ఉంది. ‘మొహం చూడకుండా ప్రేమ’ అన్న మాట ఆమెను ఎందుకు లాగిందో అర్థం చేసుకోవచ్చు.

ఆమెకు చెప్పని మాట

గోడకు అవతల అభిషేక్ ఛటర్జీ. అందరూ ‘షేక్’ అంటారు. పశువైద్యుడు. మొదట్లో అతగాడు అమ్మాయిలను అడిగిన ప్రశ్నలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సంగీత ఉత్సవంలో నిన్ను నా భుజాల మీదికి ఎత్తుకోగలనా? అంటే... నీ బరువెంత అని చుట్టుతిప్పి అడగడమే!

దీప్తితో మాటలు సాగేకొద్దీ ఆ ధోరణి తగ్గింది. ఇద్దరిదీ భారతీయ మూలం. ఇద్దరూ అంతకుముందు ఎక్కువగా తెల్లవారితోనే ప్రేమలో పడినవారు. అమెరికాలో ఇండియన్ పిల్లలుగా పెరగడం ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. పెళ్లి ఖాయమైంది. గోడ తొలిగింది.

అసలు కథ అక్కడే మొదలైంది. ‘అమ్మాయి చాలా మంచిది... కానీ నాకు ఆ ఆకర్షణ కలగడం లేదు’ అన్నాడు షేక్. ఎవరితో? తోటి కంటెస్టెంట్లతో, స్నేహితులతో, కన్నతల్లితో! ఓ అత్తతోనో పిన్నితోనో ఉన్నట్టుంది అని కూడా అన్నాడు. ఆ తల్లే దీప్తి పక్షాన నిలిచి, ఆమెను మనస్ఫూర్తిగా ప్రేమించేవాడే ఆమెకు తగినవాడంది. ఇన్ని మాటలు అంతమంది విన్నా, దీప్తికి సూటిగా చెప్పినవాళ్లు లేరు.

పెళ్లిరోజు వచ్చింది. బంధువులంతా కూర్చున్నారు. కెమెరాలు తిరుగుతున్నాయి. దీప్తి వంతు వచ్చింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం, కానీ నిన్ను చేసుకోలేను అంది. నన్ను ఖాయంగా కోరుకునే మనిషి నాకు కావాలి, అందుకే నన్ను నేనే ఎంచుకుంటున్నాను అంది. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు.

ఆ సీజన్‌లో పెళ్లిపందిరి దాకా వచ్చిన జంటలు ఐదు. ‘సరే’ అనుకున్నవి రెండు. 2022 ఆగస్టు నాటికి ఆ రెండూ విడాకుల బాట పట్టాయి. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ‘కాదు’ అన్న దీప్తినే.

‘కాదు’ తర్వాత...

ఆ మాటే ఆమెకు కొత్త జీవితాన్నిచ్చింది. 2022లోనే ‘ఐ చూజ్ మైసెల్ఫ్’ పేరుతో పుస్తకం రాసింది. తోటి కంటెస్టెంట్ నటాలీ లీతో కలిసి ‘అవుట్ ఆఫ్ ద పాడ్స్’ అనే పాడ్‌కాస్ట్ నడిపింది. అదే సీజన్‌లోని కైల్ ఏబ్రమ్స్‌తో స్నేహం ప్రేమగా మారింది. అదీ ఆ ఏడాదే ముగిసింది. పందిట్లో తెగువ చూపినంత మాత్రాన ఆ తర్వాత దారంతా పూలే పరుచుకోవు కదా!

ఈ ఆటలో అంతా మెరుపే అనుకోవద్దు. తిండి, నీళ్లు, పని పరిస్థితులపై ఆరోపణలతో అదే సీజన్ కంటెస్టెంట్ ఒకరు 2022లో షో నిర్మాతలపై కోర్టుకెక్కారు.

మన టీవీకీ ఈ ముచ్చట కొత్త కాదు. 2009లో హిందీలో రాఖీ సావంత్ స్వయంవరం నిశ్చితార్థం దాకా వచ్చి ఆగింది. 2018లో స్టార్ మాలో సుమ వ్యాఖ్యాతగా ‘పెళ్లిచూపులు’ వచ్చింది. యాంకర్ ప్రదీప్ కోసం అమ్మాయిలు పోటీపడ్డారు. విశాఖ అమ్మాయి జ్ఞానేశ్వరి గెలిచింది. పెళ్లి జరగలేదు కానీ ఆమె సినిమాల్లోకి వచ్చింది. అక్కడ వరుడు ఒక్కడే, ఎంచుకునేదీ అతడే. మన ఇళ్లలోని కాఫీ పళ్లెం పెళ్లిచూపులకు అది పెద్ద తేడా ఏమీ కాదు!

దీప్తికి దక్కిన అదృష్టం ఏమిటంటే... తెర తొలిగాక కూడా ఆలోచించుకునే వ్యవధి. దాంతోపాటు వెనక నిలబడే ఇల్లు. ఆమె అన్న బాహాటంగా చెల్లెలి పక్షాన మాట్లాడాడు. ‘పరువు పోయింది’ అనలేదు.

రాయచోటిలోనైనా షికాగోలోనైనా ‘వద్దు’ అనడానికి అమ్మాయికి గొంతు ఉంటే సరిపోదు. పత్రికలు పంచాక, మంటపానికి అడ్వాన్సు ఇచ్చాక ఆ మాట అన్నా, ‘రా తల్లీ’ అని తలుపు తీసే ఇల్లు ఉండాలి.

అవ్వకు ఈ కథ చెబితే ఏమంటుంది? తలపండిన నవ్వొకటి నవ్వి, ‘‘మమ్మల్ని ఎవురడిగినారు నాయనా’’ అంటుంది. మనవరాలినైనా అడుగుదాం!