విషానికి తొడుగు

తొలకరి పడగానే రైతు పొలం బాట పడతాడు. కలుగుల్లో నీరు చేరి పాములూ బయటికి వస్తాయి. గట్టు మీద గడ్డి కోసేటప్పుడు, చీకట్లో మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు జరిగే పాముకాట్లు మన పల్లెలకు కొత్త కావు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల దాదాపు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఆసుపత్రులలో ఇచ్చే విరుగుడు మందు తయారీ పద్ధతి చాలా పాతది. 1890వ దశకంలో ఫ్రెంచి శాస్త్రవేత్త అల్బేర్ కాల్మెట్ మొదలైనవారు దానికి దారి చూపారు. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో ఆ విషాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు పుడతాయి. వాటిని వేరుచేసి మందుగా వాడతారు. ఈ మందు ఎందరి ప్రాణాలనో కాపాడింది. అయితే ఇందులో ఒక చిక్కుంది. త్రాచు విషంలోని ప్రమాదకరమైన అణువులు కొన్ని మరీ చిన్నవి. గుర్రం శరీరం వాటిని అంతగా పట్టించుకోదు. వాటికి తగినన్ని ప్రతిరక్షకాలు పుట్టవు. పైగా గుర్రపు మాంసకృత్తులు కొందరు రోగులకు పడవు.

ఇంతకూ ఆ చిన్న అణువులు ఎలా చంపుతాయి? మెదడు ఆజ్ఞను నరం ఒక రసాయనం ద్వారా కండరానికి అందజేస్తుంది. దానిని అందుకొనే గ్రాహకాలు కండరం మీద ఉంటాయి. గ్రాహకం తాళమైతే రసాయనం తాళంచెవి. మూడు వేళ్లు చాచినట్లుండే విషపు అణువు ఆ తాళంలో దూరి కూర్చుంటుంది. అసలు తాళంచెవికి చోటుండదు. ఊపిరి పీల్చే కండరాలు కదలవు. ఆ వేళ్లకు సరిగ్గా అతికే తొడుగు ఒకటి ఉంటే విషం తాళాన్ని చేరలేదు. ఆ తొడుగు కూడా మాంసకృత్తే కావచ్చు.

మాంసకృత్తి అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తుకు వస్తాయి. కాని శరీరంలో జరిగే పనులలో చాలా భాగం మాంసకృత్తులవే. 20 రకాల అమైనో ఆమ్లాలు దండలో పూసలలాగా వరుసగా చేరతాయి. ఆ దండ మడతపడి ఒక ఆకారం పొందుతుంది. ఆకారాన్ని బట్టే పని. ఈ మడతలలో ఏవి సాధ్యమో, ఏవి కావో లెక్కకట్టిన పటాన్ని 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రకటించింది. ప్రపంచమంతటా దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇక 100 పూసల దండను ఎన్ని విధాల కూర్చవచ్చు? 1 పక్కన 130 సున్నాలు పెట్టినా ఆ సంఖ్యకు తక్కువే. ఒక్కొక్కటే చేసి చూడడం ఎవరి తరం?

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం 2003లో, ప్రకృతిలో కనబడని మడత గల 93 పూసల మాంసకృత్తిని కంప్యూటర్‌తో రూపొందించింది. తరువాతి కాలంలో, ఉదాహరణలను చూసి యంత్రమే నేర్చుకొనే పద్ధతి వచ్చింది. 2023లో ప్రకటించిన ఆర్‌ఎఫ్ డిఫ్యూజన్ అటువంటిది. తెలిసిన మాంసకృత్తుల ఆకారాలను చెదరగొట్టి, వాటిని తిరిగి సరిచేయడం దానికి నేర్పారు. నేర్చిన తరువాత, చెల్లాచెదరుగా ఉన్న చుక్కలను ఇచ్చి, విషపు అణువు అంచుకు అతికేటట్లు సరిచేయమంటే అది కొత్త ఆకారాన్ని గీస్తుంది. ప్రొటీన్ ఎంపీఎన్ఎన్ అనే మరొక సాధనం ఆ ఆకారానికి తగిన పూసల వరుసను సూచిస్తుంది. ఆ వరుస నిజంగా అలాగే మడతపడుతుందా అన్నది ఆల్ఫాఫోల్డ్‌తో సరిచూస్తారు. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం బేకర్‌కు, మిగిలిన సగం ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు లభించింది.

ఈ సాధనాలతోనే త్రాచు జాతి విషానికి తొడుగులు గీశారు. వాటి జన్యువులను బ్యాక్టీరియాలో పెట్టి, నిజమైన మాంసకృత్తులను తయారుచేశారు. చంపగల మోతాదులో నాడీవిషం ఎక్కించిన ఎలుకలను అవి కాపాడాయని 2025 జనవరిలో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆ మాంసకృత్తులు వేడికి సులభంగా చెడిపోవు. మారుమూల ఆరోగ్య కేంద్రాలకు ఇది చిన్న విషయం కాదు.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. పరీక్షలో వాడినది విడదీసిన విషపు అణువు. కాటుతో ఒంట్లోకి దిగేది పలు అణువుల మిశ్రమం. రక్తపింజర విషం రక్తం మీద పనిచేస్తుంది. దానికి వేరే తొడుగులు కావాలి. అవన్నీ సిద్ధమై, మనుషుల మీద పరీక్షలు పూర్తయ్యేవరకు, కాటుపడిన రైతుకు ఆసుపత్రిలో దొరికేది గుర్రం ఇచ్చిన మందే.