ట్రాక్టరుకు ప్రమాదమా? మొదటి రోజే బీమా కాగితం బయటికి తీయాలి

పత్తి తీతలు ముగిసే రోజులు. పొద్దుగూకే వేళ, మార్కెట్ యార్డుకు పోయే దారిలో ట్రాలీ టైరు పంక్చరవుతుంది. రైతు బండిని రోడ్డు వారకు తీసి, జాకీ కోసం మనిషిని పంపుతాడు. ట్రాలీ వెనక ఎర్ర లైటు లేదు, మెరిసే స్టిక్కరూ లేదు. వెనక నుంచి వచ్చిన మోటారు సైకిలు చీకట్లో దాన్ని గుద్దుకుంటుంది. నడిపేవాడి కాలు విరుగుతుంది. పది నిమిషాల్లో జనం పోగవుతారు. "కేసులెందుకయ్యా, పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకుందాం" అని ఒకరంటారు. "నీ డ్రైవరుకు లైసెన్సు లేదు కదా, బావమరిది పేరు రాయించు" అని ఇంకొకరు చెవిలో చెబుతారు.

ఇది ఏ మండలంలోనైనా జరిగే సంగతే. ఆ రాత్రి రైతు ఎవరి మాట వింటాడన్న దాన్ని బట్టే అతని ఎకరన్నర పొలం నిలిచేదీ పోయేదీ ఉంటుంది. ఎందుకంటే కోర్టు వేసిన నష్టపరిహారం కట్టకపోతే, భూమి శిస్తు బకాయి రాబట్టినట్టే కలెక్టరు ద్వారా వసూలు చేయవచ్చని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ భారం మోయడానికే బీమా ఉంది. కానీ దాన్ని సరిగా వాడుకుంటేనే!

పాలసీలో ఏముంది?

బీమా రెండు రకాలు. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది థర్డ్ పార్టీ బీమా. 1988 నాటి చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మనిషి చనిపోయినా, గాయపడినా కోర్టు ఎంత వేస్తే అంతా కంపెనీయే కట్టాలి. మన బండికి జరిగిన నష్టం కూడా రావాలంటే ప్యాకేజీ పాలసీ ఉండాలి. అప్పు మీద కొన్న బండికి బ్యాంకులు మామూలుగా ప్యాకేజీయే కట్టిస్తాయి. అప్పు తీరాక చాలామంది దాన్ని మానేస్తారు. మీ కాగితంలో ఏది రాసి ఉందో ఇవాళే చూడండి. ట్రాలీ నంబరు కూడా అందులో ఉందో లేదో చూసుకోండి. ఇంజనుకు బీమా ఉన్నంత మాత్రాన ట్రాలీకి ఉన్నట్టు కాదు.

మొదటి 24 గంటలు

ముందు గాయపడ్డ మనిషి సంగతి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఇది మానవత్వమే కాదు, చట్టం డ్రైవరు మీద పెట్టిన బాధ్యత కూడా. జనం కోపంతో మీద పడే పరిస్థితి ఉంటే అక్కడ నిలబడనక్కర్లేదు, నేరుగా పోలీసు స్టేషనుకు పోవచ్చు. ఎలాగైనా 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి.

ఆ వెంటనే బీమా కంపెనీకి ఫోను చేసి, రాతపూర్వకంగా కూడా తెలపాలి. పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, గాయపడినవారి వివరాలు, డ్రైవరు పేరు, అతని లైసెన్సు వివరాలు రాయాలి. ఫోనులోనే నాలుగైదు ఫోటోలు తీసి పెట్టుకోండి. బండి ఉన్న తీరు, రోడ్డు, నంబరు ప్లేటు కనబడాలి.

రాజీ పేరుతో మోసపోవద్దు

పెద్దమనుషుల ముందు "తప్పు నాదే, ఇంత ఇస్తాను" అని కాగితం రాస్తే చిక్కే. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోరాదని, డబ్బు ఇస్తానని మాట ఇవ్వరాదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. మందుల ఖర్చుకు సాయం చేయడం వేరు, రాజీ పత్రం రాయడం వేరు. ఇవాళ ఇరవై వేలు పుచ్చుకుని వెళ్లినవారు రేపు కోర్టుకు రారన్న భరోసా లేదు.

డ్రైవరు పేరు మార్చడం అంతకంటే పెద్ద తప్పు. ఆసుపత్రి కాగితాల్లో ఒక పేరు, ఎఫ్ఐఆర్‌లో ఇంకో పేరు ఉంటే కంపెనీకి పట్టు దొరికినట్టే. పైగా అది నేరం. లైసెన్సు విషయంలో లేనిపోని భయం కూడా అక్కర్లేదు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అసలు లైసెన్సే లేని కుర్రాడికి తాళం ఇస్తే మాత్రం ఏ తీర్పూ కాపాడదు.

రిపేరుకు తొందరపడవద్దు

సర్వేయరు వచ్చి చూసేదాకా బండిని విప్పించకండి. మెకానిక్ చేత అంచనా రాయించి, క్లెయిము ఫారం, ఆర్సీ, లైసెన్సు, పాలసీ, ఎఫ్ఐఆర్ నకళ్లు జతచేసి ఇవ్వండి. మార్చిన పాత సామాను పారేయవద్దు. బిల్లులన్నీ దాచండి.

బిల్లు మొత్తం వస్తుందని ఆశపడవద్దు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తరుగు తీస్తారు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి ఇది 25 శాతం, అయిదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50 శాతం. ఉదాహరణకు మూడున్నరేళ్ల ట్రాక్టరుకు ముందు ఇరుసు, స్టీరింగు సామాను 40 వేలు, కూలి 10 వేలు అయిందనుకోండి. సామానుకు 30 వేలు, కూలికి 10 వేలు లెక్కకట్టి, పాలసీలో రాసిన కొద్ది మొత్తం మినహాయించి ఇస్తారు. టైర్లు, లైట్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క రేకులు, రంగు వంటివి అదనపు ప్రీమియం కట్టకపోతే మామూలుగా రావు. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క. అప్పు ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది.

కోర్టు నోటీసు వస్తే

బాధితులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆరు నెలల గడువు పెట్టారు. మీ ఇంటి మనిషే బాధితుడైతే ఈ గడువును మీరూ గుర్తుపెట్టుకోండి. బండి యజమానిగా నోటీసు అందితే చించి పారేయకండి. నకలు వెంటనే కంపెనీకి పంపండి. వాయిదాకు వెళ్లి పాలసీ, లైసెన్సు చూపండి. రానివాడి మాట కోర్టులో ఎవరూ చెప్పరు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే

కలుపు కూలీలను, పెళ్లివారిని ట్రాలీలో ఎక్కించడం మన ఊళ్లలో మామూలే. కానీ వ్యవసాయ ట్రాక్టరు పాలసీ ప్రయాణికులకు వర్తించదు. ట్రాలీ బోల్తాపడితే ఒక్కోసారి కంపెనీనే ముందు కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. అంటే చివరికి కట్టేది రైతే. వ్యవసాయ పాలసీతో కిరాయికి ఇసుక, ఇటుక తోలినా ఇదే తంటా.

యజమానికి స్వయంగా 15 లక్షల ప్రమాద బీమా కూడా కట్టించుకోవాలి. బండి నడుపుతూ చనిపోతే అది కుటుంబానికి అందుతుంది. అయితే యజమానికి లైసెన్సు ఉండాలి.

కంపెనీ కాదంటే

కారణం కాగితం మీద ఇమ్మని అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. జిల్లా వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వచ్చే పంట తోలకానికి ముందే పాలసీ తేదీ, ట్రాలీ నంబరు, డ్రైవరు లైసెన్సు మూడూ చూసుకోండి. నాలుగోది, ట్రాలీ వెనక ఎర్రగా మెరిసే స్టిక్కర్లు అంటించండి. బీమా తెచ్చేది డబ్బే, పోయిన కాలు తేలేదు.