బతుకమ్మ దిగే నీళ్లు

సద్దుల బతుకమ్మ నాడు పొద్దు గూకుతుంది. ఆడబిడ్డలు బతుకమ్మలను నెత్తిన పెట్టుకొని కుంట దగ్గరికి వస్తారు. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు. ఆట అయిపోతుంది. ఇక బతుకమ్మను నీళ్లల్లో వదలాలి.

కాని ఏ నీళ్లల్లో వదలాలి? కుంట నిండా గుర్రపుడెక్క. ఒడ్డున కరగని వినాయకుని చేతులు, రంగులు. మెట్ల మీద పాచి. నీళ్లు కంపు కొడుతున్నాయి. ఒక పెద్దామె జారి పడబోతుంది. పక్కామె చెయ్యి పట్టి ఆపుతుంది. "గిదేం కుంటనే" అనుకుంటూ కొందరు పూలను ఒడ్డునే పెట్టి ఇంటికి పోతారు.

ఇలాంటి కుంటలు చాలా ఊళ్లల్లో కనిపిస్తాయి. ఏం చేస్తే ఇవి మళ్లీ అందంగా అవుతాయి? చుట్టూ సిమెంటు వేసి, రంగు దీపాలు పెడితే చాలునా? చాలదు. నీళ్ల అందం రంగుతో రాదు. నీళ్లకు మూడు కావాలి. రావడానికి దారి, నిలవడానికి జాగా, పోవడానికి దారి. ఈ మూడూ సరిగ్గా ఉండి, ఏ కాలం పని ఆ కాలంలో చేస్తే నీళ్లు వాటంతట అవే అందంగా ఉంటాయి.

ఆడబిడ్డ కట్టించిన చెరువు

మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం ఉంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా అది ఖమ్మం జిల్లాలో ఉండేది. బయ్యారంలో పెద్ద చెరువు ఉంది. దాన్ని ఎవరు కట్టించారో తెలుసా? ఒక ఆడబిడ్డ. ఆమె పేరు మైలాంబ. ఆమె కాకతీయ రాజు గణపతిదేవుని తోబుట్టువు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లును ఏలాడు. అంటే ఇది సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందటి ముచ్చట.

మైలాంబ ఆ చెరువుకు ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ సంగతి రాతి మీద రాయించింది. దాన్నే బయ్యారం చెరువు శాసనం అంటారు. అందులో కాకతీయుల తాత ముత్తాతల పేర్లు కూడా వరుసగా ఉన్నాయి. ఆ రాజుల వంశం గురించి తెలుసుకోవడానికి చదువుకున్నవాళ్లు ఈ శాసనాన్ని కూడా చదువుతారు. చెరువు కట్టించిన ఆడబిడ్డ రాయించిన మాటలు అలా నిలిచాయి.

భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం అనే చెరువు ఉంది. గణపతిదేవుని పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. దాని దగ్గరే కోటగుళ్లు ఉన్నాయి. పక్కనే ములుగు జిల్లాలో రామప్ప గుడి, రామప్ప చెరువు ఉన్నాయి. ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో అది ప్రపంచ వారసత్వ కట్టడం అయింది. ఆ కాలంలో గుడి, ఊరు, చెరువు మూడూ కలిపి కట్టేవాళ్లు. చెరువు పొలానికి నీళ్లిచ్చింది. గుడికి అందం తెచ్చింది. అందం వేరు, అక్కర వేరు అని వాళ్లు అనుకోలేదు.

చెరువుకు అవయవాలు

మనిషికి నోరు, కడుపు ఉన్నట్టే చెరువుకు కూడా అవయవాలు ఉంటాయి.

వరద కాలువ చెరువుకు నోరు లాంటిది. వాన నీళ్లు దీని గుండానే వస్తాయి. ఇది పూడిపోతే చెరువు నిండదు. దీంట్లో మురికి కాలువ కలిస్తే చెరువు పాడవుతుంది.

కట్ట నీళ్లను ఆపుతుంది. కట్ట మీద తుమ్మ చెట్లు పెరగనియ్యవద్దు. చెట్టు చచ్చి వేరు కుళ్లితే అక్కడ బొక్క పడుతుంది. ఎలుక బొక్క, పీత బొక్క కూడా ప్రమాదమే. చిన్న బొక్కలోంచి నీళ్లు కారడం మొదలైతే కట్ట తెగేదాకా పోతుంది.

తూము పొలానికి నీళ్లు వదిలే దారి.

మత్తడి ఎక్కువైన నీళ్లు పొర్లి పోయే దారి. కొన్ని చోట్ల దీన్ని అలుగు అంటారు. మత్తడికి అడ్డంగా వలలు, ముళ్ల కంప, మట్టి ఉండవద్దు.

నీళ్ల దారి ఎంత ముఖ్యమో ఈ మధ్యనే చూశాం. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. అంత పెద్ద వానను ఎవరూ ఆపలేరు. కాని వాన రాకముందే మత్తడిని బాగు చేసుకోవడం మన చేతిలో ఉంది.

పూర్వం చెరువును చూసుకోవడానికి ఊళ్లల్లో నీరటి ఉండేవాడు. కట్ట మీద తిరిగేవాడు. తూము తెరిచేవాడు, మూసేవాడు. నీరటి లేని ఊళ్లల్లో ఆ పని ఇప్పుడు ఊరంతా పంచుకోవాలి.

చిన్న కుంట తవ్వాలంటే

గుడి ముందో, బతుకమ్మ ఆడే జాగలోనో చిన్న కుంట చేసుకోవాలని కొన్ని ఊళ్లు అనుకుంటాయి. మంచిదే. కాని ముందు లెక్క వేసుకోవాలి.

జనగామ వైపు మెట్ట నేల. వాన తక్కువ. భూపాలపల్లి వైపు అడవి, వాన ఎక్కువ. ఒక చోట పనికొచ్చే కుంట ఇంకో చోట పనికిరాదు.

మే నెల ఎండకు కుంటలో నీళ్లు రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు దాకా ఆవిరి అవుతాయి. కుంట 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉందనుకుందాం. రోజుకు సుమారు 1000 లీటర్లు పోతాయి. బిందెకు 15 లీటర్లు అనుకుంటే 66 బిందెలు. తాగే నీళ్లకే తిప్పలు పడే ఊరు రోజుకు 66 బిందెలు కుంటలో పొయ్యగలదా?

పొడవు సగం, వెడల్పు సగం చేస్తే ఆవిరయ్యే నీళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి. అంటే 16, 17 బిందెలు. అందుకే నీళ్లు తక్కువున్న చోట కుంట చిన్నగా ఉండాలి. వెడల్పు కన్నా లోతు మేలు.

మరి నీళ్లు ఎక్కడివి? అంతే కొలత ఉన్న గుడి కప్పు మీద, అంటే 33 అడుగులకు 33 అడుగులు, ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 1000 లీటర్లు వస్తాయి. ఆ నీళ్లను గొట్టంతో కుంటలోకి మళ్లించవచ్చు. మొదటి వానకు కప్పు మీది దుమ్ము కొట్టుకొస్తుంది. ఆ నీళ్లను బయటికి వదలాలి. తాగే నీళ్లను మాత్రం అందం కోసం పొయ్యవద్దు.

తవ్వేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒడ్డు నిలువుగా ఉండవద్దు. ఒక అడుగు లోతుకు మూడు అడుగుల వాలు ఉండాలి. పిల్ల జారినా, మేక జారినా నడిచి పైకి రావాలి.

అడుగున బంకమట్టి తడిపి, పొరలు పొరలుగా వేసి తొక్కాలి. అన్నీ కలిపి అడుగు మందం ఉంటే నీళ్లు భూమిలోకి తొందరగా ఇంకవు.

మెట్లు వెడల్పుగా, గరుకుగా ఉండాలి. నున్నటి బండలు చూడ్డానికి బాగుంటాయి. తడిస్తే కాలు జారుతుంది.

నిండిన నీళ్లు పోవడానికి చిన్న మత్తడి తప్పకుండా ఉండాలి.

తామర, కలువ, గుర్రపుడెక్క

తామర ఆకు నీళ్ల మీదికి లేచి నిలబడుతుంది. కలువ ఆకు నీళ్ల మీద పరుచుకొని తేలుతుంది. రెండూ అందమైనవే. రెండింటికీ మంచి ఎండ కావాలి. చెట్టు నీడన పువ్వులు తక్కువగా పూస్తాయి.

తామర దుంపలను నేరుగా కుంట మట్టిలో నాటితే కొన్నేళ్లకు కుంటంతా అల్లుకుంటుంది. వెడల్పు తొట్టిలో బురద మట్టి నింపి, దుంపను పెట్టి, తొట్టిని నీళ్లల్లో దింపాలి. అప్పుడు అది అదుపులో ఉంటుంది. మొదట తొట్టి మీద అర అడుగు నీళ్లు చాలు. మొక్క పెరిగిన కొద్దీ లోతుకు దింపవచ్చు. ఆకులు కుంటలో మూడో వంతు దాకానే ఉండాలి. మెట్ల ముందు నీళ్లు ఖాళీగా ఉండాలి. అక్కడే కదా బతుకమ్మ దిగేది.

గుర్రపుడెక్క పువ్వు కూడా ఊదా రంగులో ముద్దుగా ఉంటుంది. ఆ ముద్దుకు మోసపోవద్దు. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అదనువస్తే రెండు వారాల్లో రెండింతలు అవుతుంది. నీళ్లను కప్పేసి, చేపలకు గాలి అందనియ్యదు. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. అందుకే పూత రాకముందే, కొద్దిగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తియ్యాలి. తీసినదాన్ని ఒడ్డున పారేస్తే వానకు మళ్లీ నీళ్లల్లోకి పోతుంది. దూరంగా ఎండబెట్టి, పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు.

ఏ కాలానికి ఆ పని

ఎండకాలం: నీళ్లు తగ్గినప్పుడు పూడిక తియ్యాలి. పూడిక మట్టి పొలానికి బలం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చాలా చెరువుల మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. ఇష్టం వచ్చినట్టు గుంతలు తవ్వవద్దు. వానకు ఆ గుంత నిండుతుంది. పైనుంచి లోతు కనిపించదు. ఈతకు దిగిన పిల్లలు అందులో మునిగిపోతారు. మట్టి తీసినా వాలుగా తియ్యాలి. అడుగున బంకమట్టి పొర తగిలితే ఆపాలి.

రోహిణి కార్తె: వానలు పడకముందే వరద కాలువ తియ్యాలి. మత్తడి శుభ్రం చెయ్యాలి. కట్ట మీద బొక్కలను మట్టితో దిమ్మిస కొట్టి పూడ్చాలి. తామర నాటడానికి ఇదే అదను.

వానకాలం: పెద్ద వాన పడిన ప్రతిసారీ కట్టను పగటి పూట చూసి రావాలి. బురద నీళ్లు కారుతుంటే వెంటనే పంచాయతీకి చెప్పాలి. మత్తడి దుంకేటప్పుడు దాని మీద నడవవద్దు.

వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా: ప్లాస్టర్ బొమ్మలు నీళ్లల్లో కరగవు. రంగుల్లో విషం ఉంటుంది. మట్టి వినాయకుడే మంచిది. నిమజ్జనానికి ఒక మూల వేరుగా పెట్టుకుంటే మిగతా నీళ్లు బాగుంటాయి. ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందే మెట్ల మీది పాచిని ఇసుకతో, కొబ్బరి పీచుతో రుద్దాలి. కట్ట మీద దీపం పెట్టించాలి. పండుగ అయిన రెండు మూడు రోజుల్లో పూలను తీసి ఎరువు గుంతలో వెయ్యాలి. పూలు కుళ్లితే నీళ్లల్లో చేపలు చస్తాయి.

చలికాలం: తామర ఆకులు ఎండిపోతాయి. మొక్క చచ్చిందని పీకవద్దు. దుంప బురదలో బతికే ఉంటుంది. ఎండిన ఆకులను మాత్రం కోసెయ్యాలి. పగిలిన మెట్లు బాగు చేసుకోవడానికి ఇది మంచి సమయం.

దోమ, పిల్లలు

నీళ్లు పెట్టుకుంటే దోమలు రావా? నిలిచిన నీళ్లల్లో వస్తాయి. దోమ గుడ్డు పెట్టిన వారం, పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది. డెంగీ దోమ ఎక్కువగా ఇంటి దగ్గరి తొట్టి, డ్రమ్ము, పాత టైరులోని నీళ్లల్లో పుడుతుంది. ఇంటి ముందు పూల తొట్టి ఉంటే వారానికి ఒకసారి నీళ్లు పారబోసి, లోపల రుద్ది, మళ్లీ నింపాలి. కుంటలో చేపలు ఉంటే అవి దోమ పిల్లలను తింటాయి. బ్లీచింగ్ పొడి కుమ్మరించవద్దు. ఆ చేపలే చస్తాయి.

బట్టలు ఉతికే బండ, బర్రెలను కడిగే చోటు వేరుగా ఉండాలి. సబ్బు నీళ్లు, పేడ నీళ్లు చేరితే కుంట పచ్చబడుతుంది. పిల్లలను ఒంటరిగా నీళ్ల దగ్గరికి పంపవద్దు.

ఎవరు చెయ్యాలి?

చెడిన నీళ్లు మళ్లీ బాగుపడతాయా? పడతాయి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్ల బావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. చెత్తంతా తీసి, మెట్లు బాగు చేసి, 2022లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు దాన్ని చూడ్డానికి జనం వస్తున్నారు.

కుంట దగ్గరికి ఎక్కువగా పోయేది ఆడవాళ్లు. జారి పడేది వాళ్లే. పిల్ల జ్వరంతో పడుకుంటే రాత్రంతా మేలుకునేది వాళ్లే. కాని కుంట గురించి మాట్లాడేటప్పుడు చాలా చోట్ల మగవాళ్లే ముందు కూర్చుంటారు. తెలంగాణలో చట్టం ప్రకారం పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవి. గ్రామసభకు ఊరి ఓటరు ఎవరైనా పోవచ్చు. అడగవచ్చు.

ఏం కావాలో కాగితం మీద రాసుకొని పోతే మంచిది. "మత్తడి తియ్యాలి. మెట్లు బాగు చెయ్యాలి. మురికి కాలువ మళ్లించాలి." ఈ మూడు మాటలు రాస్తే చాలు. కింద సంతకం పెట్టాలి. ఆ మాట తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చదివి చూసుకోవాలి. వచ్చే సద్దుల నాటికి ఆ కుంటలో బతుకమ్మ దిగాలంటే పని ఎండకాలంలోనే మొదలు కావాలి.

ఆలోచించండి, చెయ్యండి

1. మీ ఊరి చెరువు పేరేమిటి? ఎవరు కట్టించారు? పెద్దవాళ్లను అడిగి రాయండి.

2. మీ కుంటకు వరద కాలువ, మత్తడి ఎక్కడ ఉన్నాయి? వెళ్లి చూడండి. బొమ్మ గీయండి.

3. ఈ నెలలో కుంటకు చెయ్యవలసిన పని ఏమిటి?

4. మీ గ్రామసభకు ఒక చిన్న దరఖాస్తు రాయండి. చివర మీ పేరు రాసి సంతకం పెట్టండి.