స్పోర్ట్స్ బండికి బ్రేక్ ప్యాడ్లు: ఏవి వేయించాలి?



మన కేతేపల్లి హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నది. ఒకప్పుడు దానిది 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు. రాత్రి స్టడీ అవర్‌లో స్పోర్ట్స్ బండి చప్పుడు వినబడితే చాలు, పుస్తకాల మీది నుండి మా తలలు లేస్తాయి. "ఎంత స్పీడు పోతది?" అని ఒకరినొకరం అడుగుతాం. "ఎంత దూరంలో ఆగుతది?" అని మాత్రం మేము ఎన్నడూ అడగలేదు. ఆ ప్రశ్న మాకు ఒక సంఘటన నేర్పింది.

మన హాస్టల్లో చదివి డిగ్రీలో చేరిన ఒక అన్న చిట్టి ఎత్తిన డబ్బుతో పాత స్పోర్ట్స్ బండి కొన్నాడు. మమ్మల్ని చూడటానికి వస్తుండగా రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. బ్రేకు పట్టాడు, బండి ఆగలేదు. పక్కకు తిప్పితే జారి పడ్డాడు. కాలు విరిగింది, ఆ ఏడు పరీక్షలు పోయినవి. హెల్మెట్ ఉంది కనుక ప్రాణం దక్కింది.

బండి బాగు చేసే మెకానిక్ అన్న ముందు చక్రం ప్యాడ్లు రెండూ విప్పి మా చేతిలో పెట్టాడు. ఒకటి మందంగానే ఉంది. రెండవది అరిగి ఇనుప రేకు తేలింది. "బయటిది చూసి బాగుందనుకున్నడు తమ్మీ. లోపలిది ఎవరు చూస్తరు?" అన్నాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులు మట్టి పట్టి బిగుసుకుపోతే అది సరిగా జరగదు. అప్పుడు పిస్టన్ వైపు ఉన్న లోపలి ప్యాడు ఒక్కటే ఎక్కువగా అరుగుతుంది. ఆ ప్యాడ్లను మేము హాస్టల్‌కు తెచ్చుకున్నాం. మా ఫిజిక్స్ సారును, మెకానిక్ అన్నను అడిగి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

బ్రేకు చేసే పని

బ్రేకు వేగాన్ని మింగదు, దానిని వేడిగా మారుస్తుంది. బండి, ఇద్దరు మనుషులు కలిసి 280 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గతిజ శక్తి సుమారు 39 వేల జౌళ్లు. 120 మిల్లీలీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి మరిగే దాకా కాచడానికి ఇంచుమించు అంత శక్తి కావాలి. ఒక్కసారి బండి ఆపితే ఒక చాయ్‌కి సరిపడే నీళ్లు కాగినట్లు! వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగు రెట్లు అవుతుంది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బరువు ముందుకు పడుతుంది కనుక ఈ భారంలో ఎక్కువ భాగం ముందు ప్యాడ్లే మోయాలి.

ప్యాడ్లలో రకాలు

1. ఆర్గానిక్: నార, రబ్బరు వంటి వాటిని జిగురుతో అదిమి చేస్తారు. చప్పుడు తక్కువ, డిస్కును ఎక్కువగా కోయవు. కానీ తొందరగా అరుగుతాయి. బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది.

2. సెమీ మెటాలిక్: ఆ మిశ్రమంలోనే లోహపు నార, పొడి కలుపుతారు. వేడికి ఇంకొంచెం ఎక్కువ తట్టుకుంటాయి.

3. సింటర్డ్: లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరచి చేస్తారు. వానలోనూ వేడిలోనూ బాగా పడతాయి, ఎక్కువ కాలం వస్తాయి. అయితే డిస్కు వాటికి తగినదై ఉండాలి. లేకుంటే డిస్కే అరుగుతుంది.

కొన్ని ప్యాడ్ల మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండవది ఎక్కువ వేడిలో పట్టును తెలుపుతుంది. 'ఎఫ్' అంటే ఘర్షణ గుణకం 0.35 నుండి 0.45, 'జి' అంటే 0.45 నుండి 0.55, 'హెచ్' అంటే 0.55 కంటే ఎక్కువ. ఈ అక్షరాలు పట్టును మాత్రమే చెబుతాయి, ఎంతకాలం వస్తుందో చెప్పవు.

మరి ఏది మంచిది?

మంచంలో ఉన్న అన్న "ఈసారి రేసింగ్ ప్యాడ్లు వేయిస్తా" అన్నాడు. మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. పందెం ప్యాడ్లు బాగా కాగితే గాని సరిగా పట్టవు. పందెంలో బండి మాటిమాటికీ బ్రేకు పడుతుంది కనుక అవి వేడిగానే ఉంటాయి. మన రోడ్డు మీద అలా కాదు. పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా పోతాం, ఒక్కసారిగా గొర్రెనో పిల్లవాడో అడ్డం వస్తారు. ఆ మొదటి బ్రేకు చల్లటి ప్యాడుతోనే పట్టాలి. చల్లగా ఉన్నప్పుడు పట్టేదే మనకు మంచి ప్యాడు. కనుక బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం చెప్పారో అదే కొనాలి. వంద రెండు వందలు తక్కువని పేరులేని ప్యాడ్లు కొనరాదు.

గుర్తుంచుకోవలసినవి

- రెండు ప్యాడ్లూ చూడాలి. గుర్తు గీత దాకా అరిగితే జతగా మార్చాలి. గీత లేని వాటిని ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం క్షేమం.
- 'కర్ కర్' మని ఇనుము చప్పుడు వస్తే బండి తీయరాదు.
- కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే బ్రేకు లివర్‌ను గట్టిపడే దాకా పదే పదే నొక్కాలి. నొక్కకుండా బయలుదేరితే మొదటి బ్రేకు పడదు.
- మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా, దూరం నుండే బ్రేకు పట్టాలి. కొత్త ప్యాడు డిస్కుకు అతుక్కొని కుదరాలి.
- చైను నూనె డిస్కు మీద పడనీయరాదు. నూనె తాగిన ప్యాడును మార్చవలసిందే.
- ప్యాడు పొడిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హాని.

మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. మించిన కొత్త బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అది చక్రం బిగిసి జారకుండా కాపాడుతుంది. అరిగిన ప్యాడుకు పట్టు తెచ్చిపెట్టదు.

మిత్రులారా! మనలో చాలామంది అమ్మానాన్నలు కూలికి పోయి మనల్ని చదివిస్తున్నారు. రేపు ఉద్యోగాలు చేసి మనమూ బండ్లు కొంటాం. కొనే రోజు "ఎంత పోతది?" అని అడిగే ముందు వంగి ఆ రెండు ప్యాడ్లూ చూద్దాం. ఆ అరిగిన ప్యాడు మా గదిలో కిటికీ మీద పెట్టాం. చూడాలనుకున్నవారు వచ్చి చూడవచ్చు.